చూరు గట్టర్లలో (వాన నీళ్లు పోయే తొట్లలో) ఐసు గడ్డకట్టి గోడలోకి నీళ్లు దిగుతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేముండేది అమెరికాలో, మినియాపొలిస్ దగ్గర. మొన్న వేసవిలో ఓ పాత ఇల్లు కొన్నాం, సొంతింట్లో ఇదే మొదటి చలికాలం. అక్టోబరులో ఒకసారి గట్టర్లలో ఆకులు తీసి చేతులు దులుపుకున్నాను. మిగతా మేపుల్ ఆకులన్నీ ఆ తర్వాతే రాలాయి, తీసేలోపే మంచు పడింది. ఇప్పుడు గట్టరు నిండా ఐసు, అంచున మూరెడేసి ఐసు కడ్డీలు. నిన్న ఎండ కాసేసరికి బెడ్‌రూమ్ కిటికీ పైన అరచేయంత తడి మరక. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

ఇంట్లో వేడి అటకలోకి చేరి కప్పు మీది మంచును కరిగిస్తుందట. ఆ నీళ్లు చల్లగా ఉండే చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, వెనక నిలిచినవి షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) కిందికి దూరతాయట. సుత్తితో కొడితే గట్టరే ఊడొస్తుందేమో. పాత మేజోళ్లలో ఐసును కరిగించే ఉప్పు, కాల్షియం క్లోరైడ్ నింపి ఐసు మీద అడ్డంగా పెట్టమని ఒకాయన అన్నారు. ఎవరైనా చేసి చూశారా? లేక ఆవిరితో కరిగించేవాళ్లని పిలవడమే మేలా? హీటింగ్ కేబుల్ ఇప్పుడే వేయించాలా, అటకలోకి వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ పెంచితే చాలా? నిచ్చెనెక్కితే మాత్రం మా ఆవిడ ఊరుకోదు.