అప్‌డేట్: ఎండలో ఫోటోలన్నీ తెల్లగా వస్తున్నాయన్నాను కదా, దొరికింది

కెమెరా సెట్టింగ్‌లన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో బయట ఏది తీసినా తెల్లగా వచ్చేస్తోందని, లెన్స్ పాడైందేమోనని పోయిన వారం అడిగింది నేనే. లెన్స్‌కేం కాలేదు. రాత్రి ఇంట్లో తీసినప్పుడు ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600 పెట్టి మర్చిపోయి, దాంతోనే మిట్టమధ్యాహ్నం బయటికెళ్లి షట్టర్ (వెలుగు లోపలికొచ్చే సమయం), అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం సైజు) తిప్పుతూ కూర్చున్నాను. 1600 నుంచి 100కి దించితే నాలుగు స్టాప్‌ల తేడా (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం), అంటే పదహారు రెట్లు!

మీరు చెప్పిన సన్నీ 16 లెక్క పట్టుకున్నాను: మంచి ఎండలో అపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 లేదా 1/125 సెకను. తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కా తీస్తే మడతలు, గుండీల పక్కన కుట్టు కూడా కనిపించాయి, మొన్నటిదాకా అదే చొక్కా ఉత్త తెల్లకాగితంలా వచ్చేది. తర్వాత ఎఫ్/8కి తెరిస్తే (ఈ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) రెండు స్టాప్‌ల వెలుగు ఎక్కువొస్తుంది కాబట్టి షట్టర్ 1/400 చేశాను, వెలుగు అచ్చం అలాగే వచ్చింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టిందనుకోండి.

ఎండలో వెనకున్న స్క్రీన్ చూసి నమ్మొద్దన్న మాట మాత్రం అక్షరాలా నిజం. అందులో చీకటిగా కనిపిస్తోందని వెలుగు పెంచుతూ పోయి నేనే చెడగొట్టుకున్నాను, ఇప్పుడు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటిని ఎడమన, వెలుగుని కుడిన చూపే గ్రాఫ్) కుడి అంచుకి గుద్దుకుంటోందా లేదా అన్నదే చూస్తున్నాను.

మబ్బు అడ్డొస్తే సెట్టింగ్ మార్చడం ఇంకా మర్చిపోతూనే ఉన్నాను. ఎండకి వీపు పెట్టి నిలబడ్డవాళ్ల ముఖాలు కూడా నల్లగానే వస్తున్నాయి, ఈ ఆదివారం ఆ పని పట్టాలి.