18 ఏళ్ల బోర్బన్ ఇంత వగరుగా ఉంటుందా? ఎలా తాగి చూడాలో చెప్పండి

రేణిగుంట_కుర్రోడు:
అన్నలూ, మా బావ డాలస్ నుంచి వస్తూ ఎలైజా క్రెయిగ్ అనే బోర్బన్ (అమెరికా విస్కీ), పీపాలో 18 ఏళ్లు ఉంచింది, ఒక బాటిల్ తెచ్చాడు. నేను మామూలుగా మన వైన్ షాపులో దొరికే బ్రాండ్లే, అది కూడా సోడా కలుపుకుని తాగేవాడిని. దీంట్లో సోడా పోస్తే మాత్రం ఊరుకోనన్నాడు బావ. సరేనని నిన్న రాత్రి రాగానే తాగి చూశా. వాసన అదిరిపోయింది, వెనీలా, కాస్త ముదిరిన పాకం, ఇంకేదో పాత చెక్క బీరువా తెరిస్తే వచ్చే వాసన. నోట్లో పడగానే తీపి తగిలింది గానీ రెండు క్షణాలకే నాలుక పక్కలు పట్టేసి ఒకటే వగరు, గొంతు దిగాక చేదు. బావేమో కళ్లు మూసుకుని "స్మూత్" అంటున్నాడు. అంత డబ్బు పెట్టి తెచ్చాడు కదా అని నేనూ తల ఊపా. ఇంతకీ ఇది మంచి సరుకేనా? ఇందులో ఏం చూడాలి? 18 ఏళ్లంటే 12 ఏళ్ల దానికంటే కచ్చితంగా మేలేనా?

చిత్తూరు_బెల్లం:
తమ్ముడూ, నీ నాలుక బాగానే పనిచేస్తోంది, బావ మాట పక్కన పెట్టు. స్కాచ్ లెక్కలు బోర్బన్‌కి పనికిరావు. స్కాచ్‌ని ఎక్కువగా వాడేసిన పీపాల్లో పెడతారు, వాటిలో చాలావరకు ఒకసారి బోర్బన్ పోసి తీసినవే, అంటే చెక్కలో ఉన్న సారం ముందే సగం పోయి ఉంటుంది. బోర్బన్‌కి మాత్రం అమెరికా చట్టం ప్రకారం లోపల మంటతో కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలి. కొత్త చెక్క కాబట్టి రంగు, వెనీలా, పాకం వాసన అన్నీ త్వరగా దిగుతాయి, వాటితోపాటే వగరు పుట్టించే టానిన్లూ దిగుతాయి. ఆకు ఎక్కువసేపు మరిగిన టీ తాగితే నోరు ఎలా పట్టేస్తుందో ఇదీ అంతే, రెండిట్లోనూ కారణం టానిన్లే. పైగా కెంటకీలో ఎండాకాలం వేడి, చలికాలం బాగా చలి. వేడికి సరుకు వ్యాకోచించి చెక్కలోకి దూరుతుంది, చలికి వెనక్కి వస్తుంది, 18 ఏళ్లూ అదే పని. పీపా పట్టేది సుమారు 200 లీటర్లు, ఏటా కొంత ఆవిరైపోతూ ఉంటుంది, ఇన్నేళ్ల తర్వాత తెరిస్తే సగం కూడా మిగలకపోవచ్చు. ధర అందుకే అంత, రుచి అంతకంత పెరిగిందని మాత్రం కాదు. నా మటుకు బోర్బన్‌కి 8 నుంచి 12 ఏళ్లు భలే వయసు. ఆ పైన కొన్ని పీపాలు అద్భుతంగా వస్తాయి, కొన్నిట్లో చెక్క తప్ప ఇంకేం మిగలదు.

ఇంకోటి, నువ్వు తాగింది సింగిల్ బ్యారెల్, అంటే ఒకే పీపాలోంచి నింపిన బాటిల్. లేబుల్ మీద పీపా నంబరు, పీపాలో పోసిన తేదీ ఉంటాయి చూడు. నెట్‌లో ఎవరో పొగిడిన బాటిల్, నీ బాటిల్ ఒకే రుచి ఉండాలని లేదు.

బైరాగిపట్టెడ_అన్న:
పైన అన్న చెప్పింది కరెక్ట్, కానీ అసలు ఎలా తాగావో చెప్పలేదు నువ్వు. నాటుకోడి పులుసు, సంగటి లాగించాక తాగితే దేవుడే వచ్చినా రుచి చెప్పలేడు. తినకముందే కూర్చో (మరీ ఖాళీ కడుపుతో కాదు, అన్నమో బ్రెడ్డో రెండు ముద్దలు చాలు). సాయంత్రం ఇంట్లో సాంబ్రాణి వేసి ఉంటే ఆ గదిలో అసలు వద్దు, ముక్కుకి ఇంకేం తెలీదు. మన తిరుపతి ఎండలకి రూమ్ టెంపరేచర్ అంటే 35 దాటుతుంది, ఆ వేడికి గ్లాసులోంచి ఘాటు మాత్రమే పైకి కొడుతుంది, కాబట్టి ఏసీ గదిలో కాసేపు ఉంచు. ఫ్రిజ్‌లో పెట్టకు, చల్లబడితే వాసన చచ్చిపోతుంది, వగరు మాత్రం అలాగే ఉంటుంది.

గ్లాసు మూతి సన్నగా ఉండాలి, స్టీలు గ్లాసు వద్దు. సగం పెగ్గు కూడా అక్కర్లేదు. పోసి పది నిమిషాలు వదిలెయ్. ముక్కు గ్లాసులో ముంచకుండా అంచు దగ్గర పెట్టి, నోరు కాస్త తెరిచి పీల్చు, అప్పుడు ఘాటు వెనక ఉన్నవి తెలుస్తాయి. మొదటి గుక్క లెక్కలోకి తీసుకోవద్దు, నోరు అలవాటు పడ్డానికే అది. రెండో గుక్క నాలుక మీద తిప్పి మింగాక ఏం మిగిలిందో చూడు. మొక్కజొన్న తీపి, ఎండు పండు రుచి, మిరియాల ఘాటు ఇంకా తెలుస్తున్నాయంటే పీపా మంచిదే. చెక్క, చేదు మాత్రమే ఉంటే వయసు ముదిరిపోయినట్టు. తర్వాత నాలుగైదు చుక్కల మామూలు నీళ్లు వేసి మళ్లీ చూడు. చాలాసార్లు వగరు వెనక్కి తగ్గి తీపి బయటికొస్తుంది.

రేణిగుంట_కుర్రోడు:
అయ్యో అన్నా, చికెన్ పకోడీ తింటూనే తాగాం 😅 మరి స్ట్రెంత్ ఎక్కువని వగరేమో అనుకున్నా, 90 ప్రూఫ్ అని ఉంది. తీపి కోసం ఇందులో ఏమైనా కలుపుతారా?

చిత్తూరు_బెల్లం:
అమెరికా లెక్కలో 90 ప్రూఫ్ అంటే 45 శాతం. మన బ్రాండ్లు 42.8, పెద్ద తేడా ఏం లేదు. కలపడం సంగతంటావా, స్ట్రెయిట్ బోర్బన్ అని రాసి ఉంటే రంగు, ఫ్లేవర్ ఏదీ కలపకూడదు, నీళ్లు తప్ప. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, ఆ తీపి కొంత అక్కణ్నుంచి, మిగతాది కాలిన చెక్కలోంచి. మన దగ్గర చౌక విస్కీల్లో చాలావాటికి మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిటే ఆధారం, అందుకే నీకు ఇది కొత్తగా తగిలింది.

ఆ బాటిల్ మీద పేరున్నాయన 18వ శతాబ్దపు బాప్టిస్టు పాస్టరు, తెలుసా? పీపాలు కాల్చడం ఆయనే మొదలుపెట్టాడని ఒక కథ, చరిత్రకారులు నమ్మరు గానీ అమ్మేవాళ్లకి బాగా పనికొచ్చింది.

కాణిపాకం_రోడ్డు:
ఇంత పరీక్షలెందుకు సామీ, నచ్చితే తాగు, నచ్చకపోతే బావకి ఇచ్చెయ్. నిజంగా తేల్చుకోవాలంటే ఒక జిమ్ బీమ్ క్వార్టర్ తెచ్చుకో, అది 4 ఏళ్ల బోర్బన్. గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి ఇంకెవరితోనైనా పోయించి, ఏది ఏదో తెలియకుండా తాగండి ఇద్దరూ. పేరు, వయసు కనపడకపోతే బావ "స్మూత్" దేన్ని అంటాడో నాకూ చూడాలనుంది. 2025 ఫిబ్రవరిలో మన దేశంలో బోర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించారు, అయినా ఇలాంటి పాత బాటిళ్లు మనలాంటోళ్లకి బావలు తెస్తేనే.

రేణిగుంట_కుర్రోడు:
హహ, ఆదివారం పెడతా పరీక్ష. మిగిలిన బాటిల్ ఎన్నాళ్లుంటుంది? పడుకోబెట్టాలా?

బైరాగిపట్టెడ_అన్న:
వైన్ అనుకున్నావా, పడుకోబెడితే కార్కు పాడవుతుంది. నిలబెట్టి, ఎండ తగలని బీరువాలో పెట్టు. సగానికి పైగా ఉంటే నెలలపాటు ఏం కాదు. మూడో వంతుకి దిగాక లోపల గాలి ఎక్కువై రుచి చప్పబడుతుంది, అప్పుడు చిన్న గాజు సీసాలోకి అంచుదాకా నింపి మార్చుకో. కారు డిక్కీలో మాత్రం వదిలెయ్యకు. ఎండ సంగతి సరే, ఎప్పుడో శనివారం మర్చిపోయి కొండకి బయల్దేరావంటే అలిపిరి చెకింగ్‌లో 18 ఏళ్ల సరుకు సంగతి వాళ్లకి వివరించాల్సి వస్తుంది.