ఫారం-7 (పేరు తొలగించమనే దరఖాస్తు)తో నాన్నగారి ఓటు తీసేశారు. అప్పీలా, మళ్లీ ఫారం-6 (కొత్త ఓటరు దరఖాస్తు)?

మా నాన్నగారు పుట్టినప్పటి నుంచీ ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో ఉంటున్నారు. అయినా 'ఊరు వదిలి వెళ్లారు' అని ఎవరో ఫారం-7 పెట్టారట, జాబితాలో పేరు పోయింది. నోటీసు ఏదీ రాలేదు. మా వీధిలో ఒక పార్టీ సానుభూతిపరుల పేర్లే ఎక్కువగా పోయాయి. బీఎల్‌ఓను (బూత్ స్థాయి ఎన్నికల అధికారిని) అడిగితే "పై నుంచి ఒత్తిడి అండీ, ఫారం-6 పెట్టుకోండి" అంటున్నారు. కొత్త ఓటరులా చేరడం నాకు మింగుడు పడట్లేదు.

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 24 కింద కలెక్టర్‌కు 15 రోజుల్లో అప్పీలు చేయొచ్చని చదివాను. నోటీసే రానప్పుడు ఆ గడువు ఎప్పటి నుంచి లెక్క? అప్పీలు పెట్టి, ఫారం-6 కూడా ఇవ్వొచ్చా? ఆ ఫారం-7 కాపీ ఎలా సంపాదించాలి? తప్పుడు డిక్లరేషన్‌కు సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు అంటారు, నిజంగా ఎవరిమీదైనా కేసు నడిచిందా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.