అప్‌డేట్: వాటర్ కూలింగ్ కంప్యూటర్ కేసులో లీకు ఎక్కడో దొరికింది

సొంతంగా చేసుకుంటున్న కంప్యూటర్ కేసులో లూపు (నీళ్లు తిరిగే ట్యూబుల వరస) నింపగానే జీపీయూ బ్లాక్ (గ్రాఫిక్స్ చిప్‌ను నీళ్లతో చల్లబరిచే లోహపు దిమ్మ) దగ్గర చెమ్మ వస్తోందని, ఓ-రింగ్ (జాయింటులో నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగ్) మార్చినా ఆగట్లేదని అడిగాను కదా. ఆగింది.

తప్పు ఓ-రింగ్‌ది కాదు, ట్యూబు అంచుది. పీఈటీజీ (గట్టి ప్లాస్టిక్) ట్యూబును రంపంతో కోసి అలాగే ఫిట్టింగులోకి తోసేశాను. విప్పి టార్చి వేసి చూస్తే రింగ్ లోపలివైపు వెంట్రుకంత గాటు. కొత్త రింగ్ వేసిన ప్రతిసారీ ఆ పదును దాన్నీ కోసేస్తోందన్నమాట! ఈసారి అంచును సన్న గరుకు కాగితంతో చుట్టూ ఏటవాలుగా అరగదీశాను. వేలు తిప్పితే గీసుకోనంత నున్నగా అయ్యాక, రింగ్‌ను కాస్త తడిపి ఎక్కించాను. ఎంత మెత్తగా దిగిందో!

రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్ కలిపితే ఒకే నీళ్లు రెండింటికీ తగిలి అల్యూమినియం తినుకుపోతుందని హెచ్చరించినవారికి చాలా థాంక్స్. రాగిది తెచ్చి మార్చేశాను. కేసు మాత్రం అల్యూమినియం షీటే, దానికి నీళ్లు తగలవు కాబట్టి ఇబ్బంది లేదు.

మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే 24 గంటలు తిప్పాను. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపరు పెట్టాను. పొద్దున చూస్తే అన్నీ పొడిగానే ఉన్నాయి, చాలా సంతోషమేసింది. రేడియేటర్‌లో ఇంకా గాలి బుడగలున్నాయి. కేసును అటూ ఇటూ వంచుతూ వాటిని రిజర్వాయర్‌లోకి (లూపుకు నీళ్లు పోసే డబ్బా) తెస్తున్నాను.