ఐదేళ్ల ప్లాన్ రాసుకోవాలా, చెరువు చూసి నడుచుకోవాలా?

పాలకొల్లు కుర్రాడు:
హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊళ్లో రెండెకరాల రొయ్యల చెరువు లీజుకు తీసుకుందామని ఉంది. ఐదేళ్ల ప్లాన్ కాగితం మీద పెట్టనిదే దిగొద్దని బావ పట్టు. ‘రొయ్యకు నీ కాగితం చదవడం వచ్చేంట్రా’ అని నాన్న. ఎవరి మాట వినాలండీ?

భీమవరం లెక్కలు:
బావగారిదే రైటండి. కిలో రొయ్యకు తనకు ఎంత పడిందో తెలియనివాడు రేటు బాగుందో లేదో ఎలా చెబుతాడు? లెక్క రాయనివాళ్లకు లాభం వచ్చిన పంటే గుర్తుంటుంది. పోయిన రెండూ గుర్తుండవు.

ఉండి చెరువుగట్టు:
మేమూ రాసుకున్నాం బాబూ. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కుతుందని ఏ కాగితంలో ఉంది? మన రొయ్యకు పెద్ద గిరాకీ అక్కడే కదా.

నాకు పనికొచ్చింది ఒక్క లైనే. సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన రోజే గోడ మీద రాశాను: చెక్ ట్రేలో (రొయ్యల్ని చూసుకోడానికి చెరువులో దించే పళ్లెం) వరసగా రెండు రోజులు చచ్చిన రొయ్య కనబడితే కౌంట్ ఎంతున్నా పట్టుబడి, అంటే రొయ్యంతా పట్టేయడమే. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యలు, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. అరవై కౌంట్‌లో ఉండగా ఒక రాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి. జనరేటర్ మొరాయించింది. టార్చి వేస్తే గట్టు వార ఊపిరాడని రొయ్యల ఎర్రటి కళ్లు, వరస కట్టి. ఆ రోజూ మర్నాడూ ట్రేలో చచ్చినవే. ఇంకో పది రోజులు ఆగితే యాభై కౌంట్ అని నా ఆశ. మా ఆవిడ మాట్లాడకుండా గోడ చూపించింది. పట్టించేశాం. పక్క చెరువాయన ఆగాడు, ఆయన లెక్క ఇక్కడ చెప్పను.

భీమవరం లెక్కలు:
అదీ ప్లానే కదండీ!

ఉండి చెరువుగట్టు:
ప్లానే. ఐదేళ్లది కాదు.

అమలాపురం టీచర్:
2011 ఖరీఫ్‌లో మా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు కానప్పుడు నాటకపోవడమూ ఎత్తుగడే, ఒప్పుకుంటాను. కానీ ఆగే గీత అన్నిటికీ పనికిరాదండి. నాకు డీఎస్సీ మూడోసారి వచ్చింది. రెండుసార్లతో సరి అని గోడ మీద రాసుకుని ఉంటే ఇవాళ ఏ కొట్లోనో పద్దులు రాస్తూ ఉండేదాన్ని.

ఉండి చెరువుగట్టు:
మేడమ్ గారూ, పరీక్ష పోతే ఏడాది పోతుంది. చెరువు పోతే అప్పు మిగులుతుంది. గీత అప్పున్న చోటే గీయాలి.

పాలకొల్లు కుర్రాడు:
అయితే ఈ పంటకు ఉద్యోగం వదలను. బాబాయి చెరువులో పావలా వాటా పెడతాను.

ఉండి చెరువుగట్టు:
మంచిది. జనరేటర్ ఎవరిదో కాగితంలో చూశావా?

పాలకొల్లు కుర్రాడు:
చూళ్లేదండి.