సర్వర్ లేకుండా రెండు ఫోన్లు సూటిగా మాట్లాడుకోవాలి: ఒకే వైఫైలో ఓకే, మొబైల్ డేటాకి మారగానే సైలెంట్

గూటిపిచ్చుక:

అందరికీ నమస్తే. నెట్‌వర్కింగ్ నా ఉద్యోగం కాదు, ఖాళీ దొరికితే కెలుకుతుంటా అంతే. మా గ్యాంగ్ ఐదారుగురం ఉన్నాం, మాకోసం ఒక బుల్లి చాట్ సొంతంగా రాసుకుందామని మొదలెట్టా. మధ్యలో ఎవరి సర్వరూ ఉండొద్దు, అకౌంట్ వద్దు, ఫోన్ నంబర్ వద్దు, నా ఫోన్ నుంచి వాళ్ల ఫోన్‌కి సూటిగా వెళ్లిపోవాలి. పైథాన్‌లో యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా ప్యాకెట్ విసిరేసే పద్ధతి) సాకెట్ పెట్టి రాశా, ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ (ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే యాప్) మీద నడుపుతున్నాం. ఒకే వైఫైలో ఉంటే బుల్లెట్‌లా పోతోంది. అదే ఒకరు మొబైల్ డేటాకి మారితే చాలు, ప్యాకెట్ ఎటు పోతోందో దేవుడికే తెలియాలి, ఎర్రర్ కూడా రాదు.

ఇంకో వింత, ఫోన్ సెట్టింగ్స్‌లో నా ఐపీ 100.72తో మొదలవుతోంది, బయట వెబ్‌సైట్‌లో చెక్ చేస్తే అసలు సంబంధమే లేని ఇంకో నంబర్ చూపిస్తోంది. దేనికి పంపినా అంతే సంగతులు.

పోర్ట్ ఫార్వర్డింగ్ (రౌటర్లో బయటి నుంచి లోపలికి దారి తెరిచిపెట్టడం) తప్ప వేరే దారే లేదా? స్టన్, టర్న్, డీహెచ్‌టీ అని ఏవేవో చదివా, చదివేకొద్దీ బుర్ర వేడెక్కింది. లేదంటే ఈ గోలంతా మానేసి బ్రయర్, జామీ, టాక్స్ లాంటి రెడీమేడ్ పీర్-టు-పీర్ చాట్ యాప్‌లు ఏదో ఒకటి వేసుకోమంటారా? అసలు అవైనా నిజంగా సర్వర్ లేకుండానే నడుస్తున్నాయా?

పాతమోడెమ్:

100.72 అన్నావు చూడు, సగం జవాబు అందులోనే ఉంది. 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఉన్న అడ్రస్‌లని 2012లో ప్రత్యేకంగా సీజీనాట్ కోసమే పక్కన పెట్టారు. నాట్ అంటే లోపలి అడ్రస్‌లని బయటి అడ్రస్‌గా మార్చి పంపేది, సీజీనాట్ అంటే అదే పని నెట్ కంపెనీ స్థాయిలో చేసేది. అంటే నీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీ వెనకాల బోలెడంత మందిని కూర్చోబెట్టింది, అందులో నువ్వొకడివి. ఆ నాట్ వాళ్ల దగ్గర ఉంది, నీ రౌటర్లో కాదు, కాబట్టి నువ్వు నీ రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు.

దీనికి మందు హోల్ పంచింగ్. నువ్వు బయటకి ఒక ప్యాకెట్ పంపగానే నాట్ తన టేబుల్‌లో "లోపలి ఫలానా పోర్టుకి బయట ఫలానా పోర్టు" అని రాసుకుంటుంది, ఆ ఎంట్రీ బతికున్నంతసేపూ జవాబు లోపలికి రానిస్తుంది. మీ ఇద్దరూ ఒకళ్ల బయటి అడ్రస్ ఒకళ్లు తెలుసుకుని ఇంచుమించు ఒకేసారి ఎదురెదురు పంపుకుంటే రెండు పక్కలా ఎంట్రీలు పడతాయి, దారి తెరుచుకుంటుంది. నీ బయటి అడ్రస్, పోర్టు ఏంటో నీకు చెప్పిపెట్టేదే స్టన్ సర్వర్, దాని పని అంతవరకే, నీ మెసేజ్‌లు దాని గుండా పోవు.

చిక్కల్లా సిమెట్రిక్ నాట్‌తోనే. అది నువ్వు మాట్లాడే ప్రతి చోటుకీ వేరే పోర్టు ఇస్తుంది, స్టన్ చెప్పిన పోర్టు స్టన్‌కి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. నీది ఏ రకమో తెలుసుకోవాలంటే ఒకే సాకెట్ నుంచి రెండు వేర్వేరు స్టన్ సర్వర్లని అడుగు (ఒకే సాకెట్ అని మళ్లీ చెప్తున్నా, కొత్త సాకెట్ తెరిస్తే టెస్టుకి అర్థం లేదు). రెండూ ఒకే పోర్టు చెప్తే నీ అదృష్టం. వేరు వేరు చెప్తే సిమెట్రిక్.

ఇంకోటి, ఆ ఎంట్రీ ఎక్కువసేపు బతకదు. యూడీపీకి రెండు నిమిషాల కన్నా ముందు తీసేయకూడదని ఆర్‌ఎఫ్‌సీ 4787లో (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) రాసుంది కానీ పాటించేదెవరు, చాలా రౌటర్లు అర నిమిషానికే తుడిచేస్తాయి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో కీప్‌అలైవ్ (ఎంట్రీ పోకుండా ఊరికే పంపే ప్యాకెట్) 25 సెకన్లు పెట్టుకోమనేది అందుకే.

గాలివాటం:

బ్రో, పైన అన్న చెప్పింది కరెక్టే, కాకపోతే నాట్ దాటడం ఇందులో తేలికైన భాగం. అసలు పరీక్ష నీ ఫ్రెండ్ ఫోన్ జేబులో నిద్రపోతున్నప్పుడు వస్తుంది. ఆండ్రాయిడ్ 2015లో డోజ్ అనే బ్యాటరీ పొదుపు మోడ్ తెచ్చిన దగ్గర్నుంచి స్క్రీన్ ఆఫ్ చేసి పక్కన పడేసిన ఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ నెట్‌వర్క్‌ని నొక్కేస్తోంది, ఐఫోన్‌లో ఇంకా ఘోరం. 25 సెకన్లకోసారి కీప్‌అలైవ్ కొడుతూ కూర్చుంటే బ్యాటరీ గోవిందా. ఇద్దరూ ఒకే టైంలో ఆన్‌లైన్లో ఉంటే తప్ప మెసేజ్ పోదు అంటే అది చాట్ కాదు, వాకీటాకీ.

నువ్వడిగిన యాప్‌లని కూడా ఈ కోణంలోనే చూడు. టాక్స్‌లో మధ్యలో దాచిపెట్టేవాళ్లు ఎవరూ లేరు, నువ్వు పంపింది నీ దగ్గరే ఉండి ఇద్దరూ కలిసినప్పుడు వెళ్తుంది. బ్రయర్ దగ్గర్లో ఉంటే బ్లూటూత్, వైఫై మీద, దూరంగా ఉంటే టోర్ (నీ ఐపీ కనపడకుండా చాలా చోట్ల తిప్పి పంపే నెట్‌వర్క్) మీద పోతుంది, దానికి మెయిల్‌బాక్స్ అని విడిగా ఒక యాప్ ఇచ్చారు, పాత ఫోన్‌లో వేసి ఛార్జర్‌కి గుచ్చి వదిలేస్తే నువ్వు లేనప్పుడు నీకొచ్చినవి అది తీసి పెడుతుంది. జామీ వాళ్లది నాకు బాగా నచ్చిన తెలివి, వాళ్ల గ్రూప్ చాట్ లోపల గిట్ రెపోనే (ప్రోగ్రామర్లు కోడ్ చరిత్ర దాచుకునే గిట్ లాంటిదే), ప్రతి డివైస్‌లోనూ మొత్తం కాపీ ఉంటుంది, ఎవడు ఆన్‌లైన్‌కి వస్తే వాడి దగ్గర్నుంచి మిగతావాళ్లు సింక్ చేసుకుంటారు. స్కటిల్‌బట్ అనే సర్వర్ లేని సోషల్ నెట్‌వర్క్ కూడా ఇదే తీరు, నా పోస్టులు నీ డిస్క్ మీద కూడా ఉంటాయి, నేను లేకపోయినా నీ దగ్గర్నుంచి ఇంకొకరికి చేరతాయి. కానీ అందులో ఒకే ఐడీని రెండు ఫోన్లలో వాడితే లాగ్ రెండుగా చీలిపోతుంది, ఆ తర్వాత ఆ ఐడీ పోయినట్టే లెక్క.

నా సలహా, మీ ఆరుగురిలో ఒకళ్ల దగ్గర ఎప్పుడూ ఆన్‌లో ఉండే డబ్బా ఒకటి పెట్టుకోండి. "అయితే అది సర్వరే కదా" అంటావేమో, అవును సర్వరే, కాకపోతే అది మీది, దాని మీద ఉండేదంతా ఎన్‌క్రిప్ట్ చేసిన ముద్దలే అయితే దాని ఓనర్ కూడా చదవలేడు.

సందేహాలరావు:

అందరూ చెప్పేశారు కానీ ఆ చివరి ప్రశ్న వదిలేశారు, "నిజంగా సర్వర్ లేకుండానా" అన్నది. లేదు. కనీసం మొదటి మెట్టు దగ్గర ఎవరో ఒకళ్లు కావాలి. టొరెంట్లు వాడే డీహెచ్‌టీ (అందరూ తలా కొంచెం దాచుకునే చిరునామాల పట్టిక) 2002లో వచ్చిన కడెమ్లియా అనే పద్ధతి మీద కట్టింది, ఎవరి దగ్గర ఏముందో ఎక్స్‌ఓఆర్ దూరం (రెండు ఐడీల బిట్లు పోల్చి వేసే లెక్క) లెక్కేసుకుంటూ పక్కవాడిని పక్కవాడిని అడుగుతూ పోతుంది, చాలా అందమైన పద్ధతి, కాదనను. కానీ ఆ మొదటి పక్కవాడు ఎవరు? అందుకే ఈ ప్రోగ్రామ్‌లన్నీ కొన్ని బూట్‌స్ట్రాప్ నోడ్ల (మొదట పలకరించే మెషిన్ల) అడ్రస్‌లు ముందే పెట్టుకుని వస్తాయి. జామీకీ ఉంది, టాక్స్‌కీ ఉన్నాయి. ఆ నోడ్లు పోతే పాతవాళ్లకి పెద్ద ఇబ్బంది ఉండదు, కొత్తగా వచ్చినోడు గేటు బయటే.

స్కైప్ కథ గుర్తుందా? 2003లో మొదలైనప్పుడు అది పీర్-టు-పీరే, మంచి కనెక్షన్ ఉన్నవాళ్ల కంప్యూటర్లే సూపర్‌నోడ్లుగా మారి మిగతావాళ్లని మోసేవి. 2007 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ దెబ్బకి ఒకేసారి లెక్కలేనన్ని మెషిన్లు రీస్టార్ట్ అయ్యి, అందరూ ఒక్కసారిగా లాగిన్ మీద పడి రెండు రోజుల పాటు మొత్తం పడుకుంది. 2012 నాటికి సూపర్‌నోడ్లని కంపెనీ తన సొంత సర్వర్ల మీదకి లాగేసుకుంది.

ఇంకొక మాట ఎవరూ అనలేదు. సూటిగా కనెక్ట్ అవ్వడమంటే అవతలివాడికి నీ ఐపీ అడ్రస్ చేతికివ్వడం. ఫ్రెండ్స్ మధ్య పర్లేదు, తెలియనోళ్లని కూడా చేర్చుకునే ఉద్దేశం ఉంటే ఆలోచించుకో. బ్రయర్ టోర్ మీద పోతుంది కాబట్టి దూరం నుంచి మాట్లాడేటప్పుడు ఆ బాధ లేదు. నన్నడిగితే ఆరుగురికి ఒక చిన్న ఎక్స్‌ఎమ్‌పీపీ (ఎవరైనా సొంతంగా పెట్టుకోగల చాట్ ప్రోటోకాల్) సర్వర్ చాలు, దాని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఓఎమ్‌ఈఎమ్‌ఓ ఆన్ చేసుకుంటే చదివేవాడు లేడు. బోరింగే, కానీ పనిచేస్తుంది.

గూటిపిచ్చుక:

థ్యాంక్స్ అందరికీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. @పాతమోడెమ్ గారూ మీరు చెప్పిన టెస్ట్ చేశా, ఇంటి వైఫైలో రెండు స్టన్ సర్వర్లూ ఒకే పోర్టు చెప్పాయి, మొబైల్ డేటాలో వేర్వేరు. అంటే మొబైల్‌ది సిమెట్రిక్ అన్నమాట. మరి మాలో నలుగురు పగలంతా మొబైల్ డేటా మీదే ఉంటారు, ఇద్దరూ సిమెట్రిక్ అయితే దారి మూసుకుపోయినట్టేనా?

@సందేహాలరావు మీరు చెప్పింది నిజమే కానీ ఎక్స్‌ఎమ్‌పీపీ పెట్టేస్తే నాకు నేర్చుకునేదేముంది చెప్పండి, చెయ్యడంలోనే కదా మజా. పక్కనోళ్లు లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం పోయే చిన్న) రేడియోలతో ఇంటర్నెట్టే లేకుండా మెసేజ్‌లు పంపుతున్నారు, అది కూడా ట్రై చేద్దామా అని ఒక పురుగు తొలుస్తోంది.

పాతమోడెమ్:

ఇద్దరూ సిమెట్రిక్ అయితే రిలే తప్పదు, అంటే మెసేజ్‌లని మధ్యలో మోసే సర్వర్, నువ్వు చదివిన టర్న్ అదే, పోర్టు ఊహించి కొట్టే ట్రిక్కులు ఉన్నాయి కానీ వాటి జోలికి పోకు. ఒకళ్లు వైఫై, ఒకళ్లు మొబైల్ అయితే మాత్రం వైఫై పక్క ఫిల్టరింగ్ మరీ కఠినంగా లేకపోతే అవుతుంది, ఒక్కటి గుర్తుపెట్టుకో, స్టన్ చెప్పిన అడ్రస్‌కి కాదు, ప్యాకెట్ నిజంగా ఏ అడ్రస్, ఏ పోర్టు నుంచి వచ్చిందో దానికే జవాబివ్వాలి. పైథాన్‌లో ప్యాకెట్ అందుకునే రెక్వ్‌ఫ్రమ్ ఫంక్షన్ నీకు అది ఇస్తూనే ఉంది.

ముందు ఐపీవీ6 (ప్రతి ఫోన్‌కీ సొంత అడ్రస్ ఇవ్వగల కొత్త తరం ఐపీ) చూడు. చాలా మొబైల్ నెట్‌వర్క్‌లలో వచ్చేస్తోంది, నాట్ ఉండదు, పోర్టు మారదు. ఫైర్‌వాల్ మాత్రం ఉంటుంది, అడగకుండా వచ్చినదాన్ని ఆపేస్తుంది, అయినా ఇద్దరూ ఎదురెదురు పంపుకుంటే తెరుచుకోవాలి.

అదీ కుదరకపోతే ఇగ్‌డ్రాసిల్, ఇంటర్నెట్ మీదే ఇంకో నెట్‌వర్క్ అల్లే ప్రోగ్రామ్. నీ పబ్లిక్ కీ నుంచే ఒక ఐపీవీ6 అడ్రస్ తయారు చేసి ఇస్తుంది, 200::/7 రేంజ్‌లో ఉంటుంది, వైఫైలో ఉన్నా డేటాలో ఉన్నా అదే అడ్రస్, మధ్యలో వేరేవాళ్ల నోడ్ల గుండా పోయినా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. నీ కోడ్‌లో సాకెట్ ఫ్యామిలీని ఐపీవీ6కి మార్చి ఆ అడ్రస్‌లు పెట్టుకుంటే చాలు, స్టన్ గొడవంతా ఎగిరిపోతుంది. రెండు జాగ్రత్తలు. ఆండ్రాయిడ్‌లో అది వీపీఎన్ స్లాట్ తీసుకుంటుంది, ఒకేసారి ఒక్క వీపీఎన్‌కే చోటు కాబట్టి ఇప్పటికే వేరేది వాడుతుంటే రెండూ కలవవు. రెండోది ఇంకా ముఖ్యం, పబ్లిక్ పీర్లకి కలిశావంటే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా నీ అడ్రస్ మీద తెరిచి ఉన్న పోర్టులని తట్టొచ్చు. ఇన్నాళ్లూ నాట్ వెనకాల దాక్కున్నవన్నీ బయటపడతాయి, ఫైర్‌వాల్ రూల్ రాయకుండా ల్యాప్‌టాప్‌లో మాత్రం వేయకు.

యాంటెన్నా:

లోరా పేరు వినపడి వచ్చా. మెష్‌టాస్టిక్ (లోరా బోర్డులని మెసేజింగ్ మెష్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) తో మొదలెట్టు, బోర్డులో ఫర్మ్‌వేర్ ఎక్కించి బ్లూటూత్‌లో ఫోన్‌కి కలిపితే అయిపోయింది. రీజియన్ సెట్టింగ్ మాత్రం మీ దేశానికి అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీకే పెట్టు. మెసేజ్ చేతులు మారుతూ పోయేది డిఫాల్ట్‌గా 3 హాప్‌లు, మ్యాగ్జిమమ్ 7. జనం అంతా 7 పెట్టేసి గాలిని జామ్ చేసి పడేస్తుంటారు, నువ్వా పని చేయకు. డిఫాల్ట్ ఛానెల్ కీ లోకానికంతా తెలిసిందే, మీ గ్యాంగ్‌కి సొంత కీతో వేరే ఛానెల్ పెట్టుకోండి.

మన తెలుగోళ్లకి తగిలే ఇంకో ఇబ్బంది చెప్తా. ఒక మెసేజ్‌లో పట్టేది రెండొందల పైచిలుకు బైట్లు. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్, తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్ (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ ఒకటి) మూడు బైట్లు. "నమస్తే" అంటేనే 18 బైట్లు అయిపోయాయి, "క్షి" ఒక్కటే 12. డెబ్బై కోడ్‌పాయింట్లు దాటితే కత్తెర పడినట్టే, మా గ్రూప్‌లో అందరూ తెలుగు మాటలని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేది అందుకే, నాకైతే చిరాకు. నీ సొంత ప్రోటోకాల్ కాబట్టి తెలుగు బ్లాక్ మొత్తం 128 స్థానాలే కదా, ఒక బైట్‌లో ఇరికించేయ్, మెసేజ్ సైజు మూడో వంతుకి పడిపోతుంది.

కొంచెం లోతుకి దిగే ఓపిక ఉంటే రెటిక్యులమ్ అనే నెట్‌వర్కింగ్ సాఫ్ట్‌వేర్ చూడు. పైథాన్‌లోనే రాశారు, నీకు సూటవుతుంది. లోరా, టీసీపీ, సీరియల్ కేబుల్ ఏది దొరికితే దాని మీద నడుస్తుంది, అడ్రస్ కీ నుంచే వస్తుంది, పైన గాలివాటం చెప్పిన నిద్రపోయే ఫోన్ సమస్యకి దాని మెసేజింగ్‌లో ప్రొపగేషన్ నోడ్ అని ఉంది, అది దాచిపెట్టి తర్వాత ఇస్తుంది.

సందేహాలరావు:

ఆ బైట్ల లెక్క బాగుంది, నేనెప్పుడూ ఆలోచించలేదు. పిచ్చుక గారూ, ఏది చేసినా ఎన్‌క్రిప్షన్ మాత్రం సొంతంగా అల్లొద్దు, లిబ్‌సోడియం అనే రెడీమేడ్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ తీసుకోండి. కీలు ఎదురెదురు కూర్చుని క్యూఆర్ స్కాన్ చేసుకోండి, అదే నెట్‌వర్క్ మీద పంపుకుంటే మధ్యలో ఎవడో తన కీ దూర్చినా మీకు తెలియదు.

గూటిపిచ్చుక:

ఫిక్స్ అయిపోయా. ముందు ఇగ్‌డ్రాసిల్ మీద నా కోడ్‌నే నడుపుతా, ఇంట్లో మూలనున్న పాత ఫోన్ దాచిపెట్టే డబ్బా. లోరా తర్వాత. ఒక్క డౌట్, మెసేజ్‌లు రెండు దారుల్లో రావొచ్చు కదా, ఒకటి సూటిగా, ఒకటి డబ్బా నుంచి, అప్పుడు డూప్లికేట్‌లు, వరస తారుమారు అవ్వడం ఎలా ఆపాలి? టైంస్టాంప్ పెట్టి సార్ట్ చేసేస్తే చాలా?

గాలివాటం:

టైంస్టాంప్‌ని నమ్మకు, గడియారం వెనక్కి తిప్పుకున్న ఫోన్ గ్రూప్‌లో ఒక్కటున్నా జవాబు ప్రశ్న కన్నా ముందు కనపడుతుంది. ప్రతి మెసేజ్‌కి దాని హ్యాషే (లోపలి అక్షరాల నుంచి లెక్కేసి తీసే వేలిముద్ర లాంటి నంబర్) ఐడీ, అదే ఐడీ రెండోసారి వస్తే పడేయ్. పంపేటప్పుడు నీకు అప్పటికి కనపడిన చివరి మెసేజ్‌ల ఐడీలు కూడా లోపల పెట్టు, వరస వాటిని బట్టి వస్తుంది, ఏదన్నా మధ్యలో మిస్ అయినా ఆ ఐడీ పేరు పెట్టి డబ్బాని అడగొచ్చు. ఇద్దరు ఒకేసారి పంపితే వచ్చే టైని విడగొట్టడానికి మాత్రం ఐడీల్లో చిన్నది ముందు అని పెట్టుకో, అందరి ఫోన్లలోనూ ఒకే వరస వస్తుంది.