49 అంగుళాల వంపు మానిటర్‌కి ఏ ఆర్మ్ కొనాలి? టేబుల్ తట్టుకుంటుందా?

మియాపూర్ ఎడిటర్

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఉన్న రెండు 27 అంగుళాల మానిటర్లు తీసేసి పోయిన నెల 49 అంగుళాల అల్ట్రావైడ్ కొన్నాను, 5120×1440, వంపు 1000ఆర్. టైమ్‌లైన్ మొత్తం మధ్యలో తెగకుండా కనబడుతుంటే ప్రాణం లేచొచ్చింది. కష్టమంతా స్టాండుతోనే. దాని కాళ్ళు రెండు వైపులా చీలి అడుగు పైనే ముందుకొస్తున్నాయి, నా టేబుల్ లోతేమో 60 సెంటీమీటర్లు, దాంతో కీబోర్డు ఆ కాళ్ళ మధ్య ఇరుక్కుంది, తెర ముఖం మీదికి వచ్చేసినట్టుంది. సాయంత్రానికి కళ్ళు మంట, మెడ పట్టేస్తోంది.

అందుకని గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్ ఒకటి తెప్పించాను, అంటే క్లాంప్‌తో టేబుల్ అంచుకి బిగించి తెరని గాలిలో పట్టుకునే చేయి లాంటిది. పెట్టె మీద 15 కిలోలు మోస్తుందని ఉంది, నా మానిటర్ స్టాండ్ లేకుండా 14 కిలోల చిల్లర, సరిపోతుంది కదా అనుకున్నాను. రాత్రి బిగించినప్పుడు బాగానే ఉంది, తెల్లారి చూస్తే తెర తల వాల్చేసి కీబోర్డు వైపు చూస్తోంది. అలెన్ కీతో మళ్ళీ బిగించాను, మధ్యాహ్నానికి మళ్ళీ అదే. ఇంకా భయం వేసింది ఏమిటంటే, క్లాంప్ దగ్గర టేబుల్ పైనున్న లామినేట్ లేచింది, తడిమి చూస్తే గోరు దూరేంత సందు. అప్పటికప్పుడు మా ఆయన్ని పిలిచి ఇద్దరం కలిసి దించేశాం, ఆర్మ్ వాపసు పంపేశాను.

ఇప్పుడు ఇంకా ఎక్కువ బరువు మోసే ఆర్మ్ కొంటే సరిపోతుందా, టేబుల్ కూడా మార్చాలా? టేబుల్ 18 ఎంఎం పార్టికల్ బోర్డు, కొని ఏడాది కూడా కాలేదు. అద్దె ఇల్లు, గోడకి డ్రిల్ వేయడానికి ఓనర్ ఒప్పుకోరు. మళ్ళీ డబ్బు పోగొట్టుకునే ఓపిక లేదు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫ్రిస్కో నుంచి

అక్కా, ముందు ఆ 15 కిలోల లెక్క పక్కన పెట్టండి. నిండు బిందె చంకన పెట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాం, అదే బిందెని చేయి చాచి పట్టుకోమంటే అర నిమిషం పట్టుకోలేం. బరువు అదే, ఒంటికి ఎంత దూరంలో ఉందన్నదే తేడా. వంపు మానిటర్‌తో జరిగేది కూడా ఇదే.

1000ఆర్ అంటే ఆ వంపు 1000 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ముక్క. 49 అంగుళాల తెర వంపు వెంట కొలిస్తే దాదాపు 120 సెంటీమీటర్లు, కాబట్టి దాని రెండు చివర్లు మధ్య భాగం కంటే 17 సెంటీమీటర్ల దాకా ముందుకొస్తాయి. అదే 1800ఆర్ అయితే 10 లోపే. బరువు తెర పొడుగునా సమానంగా ఉందనుకుని నేను వేసిన లెక్క ప్రకారం 1000ఆర్‌లో బరువు కేంద్రం నడిమధ్య కంటే సుమారు 6 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది, 1800ఆర్‌లో 3. అంటే మీ మానిటర్ ఎప్పుడూ ముందుకు తూగుతూనే ఉంటుంది, ఆ తూగు మొత్తం వెసా ప్లేటు (మానిటర్ వీపుకి స్క్రూలతో బిగించే పలక) వెనకున్న చిన్న కీలు మీద పడుతుంది. మీ ఆర్మ్‌లో స్ప్రింగ్ ఓడిపోలేదు, ఆ కీలు ఓడిపోయింది. తెర ఎత్తు తగ్గకుండా తల మాత్రమే వాలిందంటే కారణం ఇదే.

నేను వాడేది ఎర్గోట్రాన్ హెచ్ఎక్స్, మూడేళ్ళ పైనే అయింది. అందులో గ్యాస్ సిలిండర్ ఉండదు, లోహపు స్ప్రింగే. దాని పరిమితి 19.1 కిలోలు, అదే కంపెనీ ఎల్ఎక్స్‌ది 11.3 కిలోలే, కాబట్టి పేర్లు దగ్గరగా ఉన్నాయని ఎల్ఎక్స్ తీసుకోకండి. ఇంకో సంగతి, హెచ్ఎక్స్‌లో కూడా మామూలు పివట్‌ది (పివట్ అంటే ఆ తల వాలే కీలే) ఉంది, 1000ఆర్ వంపు మానిటర్ల కోసం బలమైన పివట్ పెట్టి విడిగా అమ్మేది ఉంది. మీకు కావలసింది ఆ రెండోది. ఏ కంపెనీదైనా సరే, 1000ఆర్‌కి పనికొస్తుందని వాళ్ళే రాసి ఉంటేనే కొనండి. కనీస బరువు కూడా చూడండి. పెద్ద ఆర్మ్‌కి తేలిక తెర తగిలిస్తే దిగమన్నా దిగదు, పైకే లేచిపోతుంది. మీది 14 కిలోలు కాబట్టి ఆ బాధ లేదు.

బెజవాడ చెక్కపని

పై తమ్ముడు ఆర్మ్ గురించి బాగా చెప్పాడు, నేను టేబుల్ గురించి చెబుతాను, ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

అమ్మా, పార్టికల్ బోర్డు అంటే రంపపు పొట్టు, చెక్క పేళ్ళు జిగురుతో కలిపి అదిమి చేసిన అట్ట. పుస్తకాలు, కంప్యూటర్ పెడితే ఏళ్ళ తరబడి మోస్తుంది, ఎందుకంటే బరువు పరుచుకుని ఉంటుంది. ఒక్క చోట నొక్కితే మాత్రం నలిగిపోతుంది. మీ 14 కిలోల తెరని ఆర్మ్ అర మీటరు ముందుకు చాచి పట్టుకుందనుకోండి, క్లాంప్ పాదం 10 సెంటీమీటర్లు ఉంటే, పాదం ముందు అంచు దగ్గర 70 కిలోలకు తక్కువ కాకుండా నొక్కుడు పడుతుంది, వెనక అంచు దగ్గర అంత బలంతోనూ పైకి లాగుతుంది. ఒక మనిషి టేబుల్ అంచు మీద మడమ పెట్టి రోజంతా నిలబడ్డట్టు. లామినేట్ లేవకేం చేస్తుంది?

టేబుల్ పారేయనక్కర్లేదు. దగ్గర్లో కార్పెంటర్‌ని పిలిచి, ఆర్మ్ వచ్చే చోట కింది వైపు 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క వేయించండి. అరచేతి అంత ముక్క వేస్తే లాభం లేదు, కనీసం రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు ఉండాలి, వీలైతే రెండు చివర్లూ టేబుల్ కాళ్ళ ఫ్రేమ్ మీదికి ఎక్కాలి, అప్పుడు బరువు కాళ్ళలోకి దిగుతుంది. జిగురు పూసి స్క్రూలు వేయాలి, మేకులు కొట్టనివ్వద్దు, పార్టికల్ బోర్డు విడిపోతుంది. 710 ప్లై, అంటే నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం అడగండి, చిన్న ముక్కకి ఖర్చులో పెద్ద తేడా రాదు, తడి తగిలినా ఉబ్బదు. లేచిన లామినేట్ కింద జిగురు దూర్చి ఒక రాత్రి బరువు పెట్టి ఉంచమనండి.

అప్పుడు మందం మొత్తం 36 ఎంఎం అవుతుంది, ఆర్మ్ క్లాంప్ అంత తెరుచుకుంటుందో లేదో కొనక ముందే చూసుకోండి. నన్నడిగితే అంచుకి క్లాంప్ వేయడం కంటే అంచు నుంచి నాలుగు అంగుళాలు లోపలికి రంధ్రం చేసి బోల్టుతో బిగించడమే నయం. పైన ఒక ఇనుప పలక, కింద ఒక పలక, మధ్యలో బోల్టు. ఇక కదిలేదేమీ ఉండదు. గాజు టేబుల్‌కి మాత్రం ఎవరూ ఇలాంటివి పెట్టకండి, ఎంత మందం గాజైనా సరే.

మియాపూర్ ఎడిటర్

ఇద్దరికీ చాలా థాంక్స్. బాబాయ్ గారూ, టేబుల్ వెనక గోడకి మూడు అంగుళాలే ఖాళీ ఉంది. రంధ్రం లోపలికి వేస్తే ఆర్మ్ గోడకి తగలదు కదా?

నిశాచరుడు

తగులుతుంది మేడమ్, ఇది చాలామంది మర్చిపోయే విషయం. తెరని వెనక్కి నెట్టినప్పుడు ఆర్మ్ మోచేయి మడతపడి ఎటో ఒకవైపు పొడుచుకు రావాలి, గోడ అడ్డముంటే తెర వెనక్కి వెళ్ళదు, ఆర్మ్ కొన్న ప్రయోజనమే పోతుంది. మోచేయి పక్కకి తిరిగేలా పెట్టుకుంటే కొంత నయం, కానీ 120 సెంటీమీటర్ల తెర పక్కకి జరిగితే మధ్యకి రాదు.

నాదో మాట. మీరు తెరని రోజూ జరుపుతారా? నేనైతే ఒకసారి పెట్టాక ఏడాదిలో రెండుసార్లు కూడా ముట్టుకోలేదు. జరపని వాళ్ళకి స్ప్రింగ్ ఆర్మ్ ఎందుకు? నిలువు ఉక్కు స్తంభం ఉండి, దానికి పొట్టి బ్రాకెట్ తగిలించే రకం స్టాండ్లు దొరుకుతాయి, ఎత్తు ఒకసారి పెట్టి రింగు బిగిస్తే అంతే. తెర స్తంభానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చెక్కపని గారు చెప్పిన ఆ 70 కిలోల లెక్క సగానికి సగం పడిపోతుంది, స్ప్రింగ్ సడలడమన్న మాటే ఉండదు, ధర కూడా తక్కువ. తల వాలే కీలు మాత్రం దీనికీ ఉంటుంది, అది 1000ఆర్‌కి సరిపోయేదేనా అని చూడాల్సిందే.

ఫ్రిస్కో నుంచి

జరపకపోతే స్తంభమే మేలు, ఒప్పుకుంటాను. నేను పగలు ఆఫీసు పని, రాత్రి గేమ్స్, అందుకే నాకు ఆర్మ్ కావాలి.

ఏది కొన్నా బిగించేటప్పుడు జాగ్రత్త అక్కా. వంపు తెరని బల్ల మీద బోర్లా పెట్టకండి, చివర్లు మాత్రమే ఆని మధ్య భాగం గాలిలో ఉంటుంది, వెనక నుంచి స్క్రూ నొక్కితే ప్యానెల్ పగిలే ప్రమాదం ఉంది. వచ్చిన పెట్టెలోని థర్మాకోల్‌లోనే ఉంచి ప్లేటు బిగించండి, అది ఆ వంపుకి తగ్గట్టే ఉంటుంది. స్క్రూలు ముందు వేళ్ళతోనే తిప్పండి, మరలో సాఫీగా దిగితేనే స్క్రూడ్రైవర్ పట్టండి. వెసా రంధ్రాలు గుంటలో ఉంటే మానిటర్‌తో ఇచ్చిన స్పేసర్లు వాడాలి, అంతేగాని ఇంట్లో ఉన్న పొడుగు స్క్రూ వేస్తే లోపల బోర్డుకి గుచ్చుకుంటుంది. ఎత్తడానికి ఇద్దరు ఉండాలి, ప్లేటు తగిలించడానికి మూడో మనిషి ఉంటే ఇంకా మంచిది. స్ప్రింగ్ ఆర్మ్ అయితే, తెర తీసేటప్పుడు ఆర్మ్ పూర్తిగా పైకి లేపాకే తీయాలి. కింద ఉండగా తీస్తే బరువు పోగానే ఒక్కసారి పైకి ఎగురుతుంది, ముఖం అడ్డముంటే పళ్ళు రాలతాయి.

మియాపూర్ ఎడిటర్

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలోచించి చూస్తే నేను తెరని జరిపేదే లేదు, అందుకని స్తంభమే తీసుకున్నాను, 20 కిలోల పరిమితి, 1000ఆర్ అని స్పష్టంగా రాసున్నది. మా వీధి చివర కార్పెంటర్ వచ్చి 710 ప్లై ముక్క కింద వేసి, జిగురు ఆరాక మర్నాడు వచ్చి రంధ్రం చేశాడు. మెటీరియల్‌తో కలిపి 900 తీసుకున్నాడు. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే ముక్క రెండు చివర్లూ కాళ్ళ ఫ్రేమ్ మీదికి ఎక్కించమన్నాను, అతనే మెచ్చుకున్నాడు, ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు.

తెర పైఅంచుకి సరిగ్గా వెనక గోడ మీద పెన్సిల్‌తో సన్నని గీత పెట్టాను. పదకొండు రోజులైంది, రోజూ పొద్దున్నే చూస్తున్నాను, గీత దగ్గర నుంచి వెంట్రుక వాసి కూడా దిగలేదు. కీబోర్డు ముందు ఇప్పుడు మోచేతులు ఆనించుకునేంత చోటుంది. టైప్ చేసేటప్పుడు చివర్లు కొంచెం ఊగుతున్నాయి, అది మామూలేనా?

బెజవాడ చెక్కపని

చివర్లు ఊగడం మామూలే, తెర అంత పొడుగు కదా. కానీ స్తంభం మొదట్లో చెయ్యి పెట్టి చూడండి, అక్కడ కూడా కదులుతుంటే కింది నట్టు ఇంకో అర మర బిగించండి. కొత్త ప్లై మొదటి నెలలో కొద్దిగా అణుగుతుంది, వదులవుతుంది, నెల తిరిగాక మళ్ళీ ఒకసారి చూసుకోండమ్మా.